కాలేజీ ల్యాబ్‌లో తయారైనదానికి పేటెంట్ ఎలా వేయాలి? బరంపురం, రాయగడ వైపు మనవాళ్ల కోసం

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించిన రాత్రి పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లకి నిద్ర ఉండదు. బాటిల్ ఖాళీ అయితే గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తుంది. అది కంటపడేలోపే నర్సమ్మని పిలవాలి. మా కాలేజీలో ఇద్దరు పిల్లలు దీనికో ఉపాయం చేశారు. బాటిల్ తగిలించే కొక్కేనికి ఒక స్ప్రింగు పెట్టారు. మందు దిగుతున్నకొద్దీ బరువు తగ్గి స్ప్రింగు పైకి లేస్తుంది. అర లీటరు బాటిల్లో కొంచెం మిగిలిందనగా రెండు రాగి ముక్కలు ఒకదానికొకటి తగిలి బజరు మోగుతుంది. అంతే. ఫిబ్రవరిలో కాలేజీ ఫెస్టులో పెట్టారు, ఒడియా పేపర్లో ఫొటో పడింది, వాళ్లే యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల వీడియో కూడా పెట్టారు. జులైలో తీరిగ్గా పేటెంటుకి వేశాం. తర్వాత పేటెంట్ ఆఫీసు పంపిన పరీక్ష నివేదికలో, ఇది కొత్తది కాదనడానికి ఎగ్జామినర్ చూపించిన మొదటి ఆధారం ఏమిటో తెలుసా? మా పిల్లలు పెట్టిన ఆ వీడియోనే.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది నోరు కట్టేసుకోవడం.

దరఖాస్తు వేసిన తేదీకి ముందు ఆ విషయం లోకంలో ఎక్కడైనా బయటపడి ఉంటే అది కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా అంతే. ఫెస్టు పోస్టరు, వాట్సాప్ గ్రూపులో తిరిగిన పీపీటీ, సెమినార్ సావనీరు, జర్నల్ పేపరు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే థీసిస్ శోధ్‌గంగలోకి (దేశంలోని థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైటు) ఎక్కిందంటే లోకమంతా చదివినట్టే. చట్టంలో 31వ సెక్షన్ అని 12 నెలల మినహాయింపు ఒకటుంది. దాన్ని నమ్ముకోకండి. అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకి, విద్వత్ సభలో చదివిన పత్రాలకి, అలాంటి కొన్నింటికే. మన కాలేజీ ఫెస్టు గెజిట్‌లో ఎక్కడుంటుంది? గైడుకి చెప్పొచ్చు, పేటెంట్ ఏజెంటుకి చెప్పొచ్చు. కంపెనీ వాళ్లకి చూపించాల్సి వస్తే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించాకే చూపించండి.

రెండో పని నోట్‌బుక్. పేజీ నంబర్లున్న బైండు పుస్తకం కొనండి. ఏ రోజు ఏం కలిపారు, ఎంత కలిపారు, ఎంతసేపు వేడి చేశారు, ఏమైంది అని తేదీ వేసి రాయండి. చెడిపోయినవి కూడా రాయండి. మనవాళ్లు అవే రాయరు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో గుండె కవాటం చేసినప్పుడు మూడు నమూనాలు పనికిరాకుండా పోయాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబర్ 6న మొదటి రోగికి అమర్చారు. తర్వాత అదే టీటీకే చిత్ర వాల్వు పేరుతో దేశమంతా వాడకంలోకి వచ్చింది. ఏ లోహం అరిగింది, ఏ బిళ్ల విరిగింది అన్న లెక్క లేకపోతే నాలుగోది ఎందుకు నిలబడిందో ఎవరు చెప్పగలరు? పేటెంట్ రాతలో కూడా మీ బలం ఆ పోలికలోనే ఉంటుంది.

ఇక అసలు మీరు చేసినదానికి పేటెంట్ వస్తుందా రాదా చూసుకోవాలి. పేటెంట్ల చట్టం 1970లో మూడో సెక్షన్ ఒక్కటి చదివితే సగం దారి తెలిసిపోతుంది. వైద్య పరికరానికి పేటెంట్ వస్తుంది, వైద్యం చేసే పద్ధతికి రాదు. అంటే మీ కొక్కేనికి వస్తుంది, 'ఈ కొక్కెంతో రోగికి సెలైన్ ఎక్కించే విధానం' అని రాస్తే కొట్టేస్తారు. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి రాదు. రెండు తెలిసిన పదార్థాలు ఊరికే కలిపితే రాదు. కలిపినందువల్ల విడివిడిగా లేని గుణం ఏదో వచ్చిందని అంకెలతో చూపించాలి. తెలిసిన రసాయనానికే కొత్త రూపం తెస్తే దాని ప్రభావం పెరిగిందని రుజువు కావాలి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసు కొట్టేసింది ఈ 3(డి) మీదే.

ఇంకో మాట, మన ప్రాంతానికి మరీ అవసరమైనది. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో సవర వైద్యుడు ఏ ఆకు ఏ పుండుకి వేస్తాడో చూసొచ్చి, దాన్ని ఆల్కహాల్‌లో నానబెట్టి, 'నూతన ఔషధ మిశ్రమం' అని దరఖాస్తు వేసేవాళ్లు ఉన్నారు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ రాదు, రాకూడదు కూడా. ఆ ఆకు మీది కాదు, ఆ తెలివీ మీది కాదు. నిజంగానే కొత్తది ఏదైనా కనిపెట్టి అందులో మన దేశపు మొక్కో, సూక్ష్మజీవో వాడితే జీవవైవిధ్య చట్టం 2002 ఉందని గుర్తుంచుకోండి. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర నమోదో అనుమతో పూర్తి కాకుండా పేటెంట్ చేతికి రాదు.

తర్వాతిది వెతుకులాట, అంటే మీలాంటిది ముందే ఎవరైనా చేశారేమో చూడటం. అందరూ దాటేసేది ఇదే, నా లెక్కలో ఎక్కువ రోజులు పెట్టాల్సిందీ ఇదే. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్, మన దేశపు ఇన్‌పాస్, ఇవన్నీ పేటెంట్లు వెతికే సైట్లు, ఉచితం. మాటలతో వెతికితే దొరకదు. మనం 'సెలైన్ అలారం' అంటాం, పేటెంట్ రాసేవాడు 'ద్రవ ప్రవాహ పర్యవేక్షణ సాధనం' అంటాడు. అందుకని దగ్గరగా ఉన్న ఒక పేటెంట్ పట్టుకుని దాని మీదున్న వర్గీకరణ కోడ్ చూడండి. శరీరంలోకి మందు పంపే పరికరాలన్నీ ఎ61ఎం కింద ఉంటాయి, ఆ ప్రవాహాన్ని అదుపు చేసేవి ఎ61ఎం 5/168 దగ్గర. ఆ కోడ్‌తో వెతికితే మా పిల్లల బజరు లాంటివి కుప్పలుగా బయటపడ్డాయి. ముందే చూసుంటే బజరు జోలికే పోయేవాళ్లం కాదు.

వెతకకుండా వేస్తే ఏమవుతుందో పెద్ద యూనివర్సిటీల చరిత్రలోనే ఉంది. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి గాయాలు మానడానికి పసుపు వాడటం మీద అమెరికా పేటెంట్ వచ్చింది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసి, పాత సంస్కృత గ్రంథంలోని మాటనీ, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ తెచ్చి ముందు పెట్టింది. 1997లో రద్దయింది. మోకాలు గీరుకుపోతే మన ఇళ్లలో చేసే మొదటి పని అది!

వెతుకులాటలో ఇంకో లాభం ఉంది. చిన్న పరిశ్రమ నడిపేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికా యూనివర్సిటీ ఒకటి అక్కడ మాత్రమే తీసుకుని ఇండియాలో గడువులోగా దరఖాస్తు వేయకపోతే, ఇక్కడ ఆ వస్తువు చేసి ఇక్కడే అమ్ముకోవచ్చు. అమెరికాకి ఎగుమతి మాత్రం కుదరదు. అలాగే 20 ఏళ్లు నిండినవి అందరివీ. ఏటా కట్టాల్సిన ఫీజు కట్టక రద్దయినవి కూడా చాలా ఉంటాయి. ఇన్‌పాస్‌లో నంబరు కొడితే పరిస్థితి కనిపిస్తుంది. కాకపోతే ఫీజు కట్టక పోయినదాన్ని 18 నెలల్లోపు తిరిగి బతికించుకునే వీలుంది, అది దాటిందో లేదో చూసుకోండి. అదే వస్తువు మీద వేరే పేటెంట్ ఏదైనా బతికుందేమో కూడా చూడాలి. చదవడానికి మాత్రం బతికున్న పేటెంట్ అయినా అడ్డేమీ లేదు. ప్రయోగానికి, పాఠం చెప్పడానికి వాడుకోవచ్చని 47వ సెక్షనే చెబుతుంది.

ఇప్పుడు ఇది ఎవరి పేరు మీద వేయాలి? ఇక్కడే గొడవలు. కనిపెట్టినవాళ్ల పేర్లు వేరు, హక్కుదారు పేరు వేరు. ఆలోచనలో పాలున్న ప్రతి ఒక్కరూ ఆవిష్కర్తలే. ల్యాబ్‌కి తాళం ఇచ్చిన హెచ్ఓడీ కాదు, గ్యాస్ సిలిండర్ మార్చిన అటెండరు కాదు. హక్కు ఎవరిదనేది మీ అపాయింట్‌మెంట్ కాగితం, కాలేజీ మేధోసంపత్తి విధానం చెబుతాయి. ఆ రెండూ చదివి, ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని అప్పుడు ముందుకెళ్లండి. నోటిమాట చెల్లదు, హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాల్సిందే.

యూనివర్సిటీకి ఇస్తే పోతుందని భయపడేవాళ్లకి ఒక కథ. 1933 చలికాలంలో ఒక రైతు చచ్చిపోయిన ఆవునీ, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్నీ వేసుకుని విస్కాన్సిన్ యూనివర్సిటీ రసాయన ల్యాబ్‌కి వచ్చాడు. కుళ్లిన గడ్డి తిని ఆవులకి రక్తం ఆగడం లేదు. ఆ గడ్డిలోని పదార్థం వెంట పడ్డ పరిశోధన నుంచే తర్వాత వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలుకల మందుగా బజార్లోకి వచ్చి, 1954లో మనుషులకి రక్తం పల్చబడే మందుగా అనుమతి తెచ్చుకుంది. ఆ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు (WARF), ఆ యూనివర్సిటీ పేటెంట్లు చూసుకునే పూర్వ విద్యార్థుల సంస్థ పేరులోని పొడి అక్షరాలే. 1925లో పెట్టిన ఆ సంస్థ పేటెంట్ల మీద వచ్చిన డబ్బు తిరిగి ఆ యూనివర్సిటీ పరిశోధనకే పెడుతుంది. అలాంటి ఏర్పాటు మీ కాలేజీలో ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

అన్నీ చూసుకున్నాక ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేసేయండి. ఫారం 1, ఫారం 2. పరికరం ఇంకా పూర్తి కాకపోయినా ఫరవాలేదు, మీకు తేదీ దక్కుతుంది. ఆన్‌లైన్లో వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న పరిశ్రమలకి, విద్యాసంస్థలకి ఫీజు 1600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8000. విద్యాసంస్థలకి ఈ రాయితీ 2021 సెప్టెంబర్ నుంచి వచ్చింది, ఫారం 28 జత చేయాలి. పెద్ద కంపెనీ ఏదైనా ఉమ్మడి దరఖాస్తుదారైతే రాయితీ పోతుంది. అప్పటి నుంచి సరిగ్గా 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరణ, వేయాలి. ఆ గడువు పొడిగించరు.

మన ఒడిశా జిల్లాలన్నీ కలకత్తా పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి. ఇచ్ఛాపురం దాటితే చెన్నై. దరఖాస్తు నంబరులో సంవత్సరం తర్వాతి అంకె చూస్తే తెలిసిపోతుంది. బరంపురంలో మీరు వేస్తే 3, శ్రీకాకుళంలో మీ బావమరిది వేస్తే 4. అంతా ఆన్‌లైనే కాబట్టి హౌరా మెయిల్ ఎక్కే పని లేదు, హియరింగ్ కూడా వీడియోలోనే అవుతుంది. డిజిటల్ సంతకం ఒకటి తీసుకోండి. ఏజెంటు తప్పనిసరి కాదు, కానీ క్లెయిములు (ఏది మీ హక్కో చెప్పే వాక్యాలు) రాయడం మొదటిసారైతే పెట్టుకోవడమే మంచిది.

దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగూ ఒడియా కుదరవు. అయినా ముందు తెలుగులోనే రాయమని మా పిల్లలకి చెబుతాను. నాలుగు ప్రశ్నలు: ఇబ్బంది ఏమిటి, ఇప్పటిదాకా ఉన్నవి ఏం చేస్తున్నాయి, అవి ఎక్కడ చాలడం లేదు, నేనేం మార్చాను. మీ అమ్మకి చెప్పినట్టు రాయండి. అది స్పష్టంగా వస్తే ఏజెంటు ఇంగ్లీషు తను చూసుకుంటాడు. రాకపోతే ఆయన ఎవరి పేటెంటో అతికించి ఇస్తాడు. నేను చూశాను.

కెమిస్ట్రీ వాళ్లకి కొంచెం విడిగా చెప్పాలి. గంజాం, గజపతి వైపు జీడి పిక్కల పని తెలియనివాళ్లు ఉండరు. పిక్క కొట్టేవాళ్ల వేళ్లు నల్లబడి తోలు ఊడేది ఆ తొక్కలో ఉన్న నూనె వల్లే. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, వేడి చేస్తే కార్డనాల్ అవుతుంది. ఆ కార్డనాల్‌ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి రెజిన్ చేయడం, దాన్ని బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో వాడటం చాలా పాత సంగతి. సి08జి 8 కింద వెతకండి, తేలిపోతుంది. మరి మీ కొత్తదనం ఎక్కడ? ఉత్ప్రేరకంలోనా, ఉష్ణోగ్రతలోనా, నీళ్లు తీసే పద్ధతిలోనా? అది ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

'తగిన ఉష్ణోగ్రత వద్ద, తగినంతసేపు' అని రాస్తే పనికిరాదు. ఆ రంగంలో పనిచేసే మామూలు మనిషి మీ కాగితం చదివి మళ్లీ చేయగలగాలి. చేయలేకపోతే అదే కారణంతో పేటెంట్ కొట్టేయొచ్చు. క్లెయిములో 80 నుంచి 120 డిగ్రీలు అని రాసుకుని ప్రయోగం ఒక్క 95 దగ్గరే చేస్తే ఎగ్జామినర్ అడుగుతాడు. 80 దగ్గర, 120 దగ్గర, మధ్యలో ఒకచోట చేసిన ప్రయోగాలు ఉదాహరణలుగా పెట్టండి. ఆ హద్దుకి బయట 70 దగ్గర చేసి రెజిన్ గట్టిపడలేదని చూపించే ఉదాహరణ పెడితే మరీ బలం. ఇందాక చెప్పిన నోట్‌బుక్ పనికొచ్చేది ఇక్కడే. రాయగడ కాగితం మిల్లు నల్ల ద్రావకం అయినా, దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ ఎర్ర మట్టి అయినా, వ్యర్థం మీద పనిచేసేవాళ్లు ముడి సరుకు ఏ శాతాల్లో ఉందో కూడా రాయాలి. ఈ వారం తెచ్చిన డబ్బాకీ వచ్చే నెల తెచ్చే డబ్బాకీ తేడా ఉంటుంది.

క్లెయిములు పది దాటితే రాయితీలో ఒక్కోదానికి 320 రూపాయలు, పేజీలు 30 దాటితే ఒక్కోదానికి 160 అదనం. మొదటి క్లెయిము వెడల్పుగా, తర్వాతివి ఒక్కో వివరం కలుపుతూ ఇరుకుగా రాయండి. వేసిన తర్వాత స్పెసిఫికేషన్లో కొత్త విషయం చేర్చనివ్వరు. తీసేయొచ్చు, తగ్గించొచ్చు, అంతే. కాబట్టి చిన్న సంగతి అనిపించినా ముందే రాసిపెట్టండి. మమ్మల్ని బతికించింది అదే. బజరు మోగేటప్పుడే స్ప్రింగుకి కట్టిన చిన్న క్లిప్పు పడి గొట్టాన్ని నొక్కేసేలా పిల్లలు తర్వాత చేశారు. అది వీడియోలో లేదు, స్పెసిఫికేషన్లో ఒక పేరాలో ఉంది. బజరు వదులుకుని, క్లిప్పు మీదికి క్లెయిము దించి జవాబిచ్చాం.

కంప్లీట్ వేశాక ఊరుకుంటే, మొదటి తేదీ నుంచి 18 నెలలకి అది ప్రచురణ అవుతుంది. తొందరైతే ఫారం 9, రాయితీలో 2500. ప్రచురణ అంటే 'ఇలా ఒకరు అడిగారు' అని పత్రికలో వేయడం మాత్రమే. దానికే కాలేజీ గేటు ముందు దండలతో ఫ్లెక్సీ కట్టి పేటెంట్ వచ్చిందని సన్మానాలు చేస్తున్నారు. ఫ్లెక్సీ ఖర్చుతో ఫారం 18 కట్టొచ్చు. అదే పరీక్షకి అర్జీ, 4000 రూపాయలు. అది వేయకపోతే మీ ఫైలు ఎవరూ తెరవరు. 2024 మార్చి 15 తర్వాత వేసిన దరఖాస్తులకి ఈ గడువు మొదటి తేదీ నుంచి 31 నెలలు, అంతకు ముందు 48 ఉండేది. త్వరగా కావాలంటే ఫారం 18ఎ, 8000. స్టార్టప్‌లకి, చిన్న పరిశ్రమలకి, ప్రభుత్వ యూనివర్సిటీలకి ఈ దారి ఉంది. దరఖాస్తుదారులందరూ వ్యక్తులై అందులో ఒక్క మహిళ ఉన్నా చాలు.

పరీక్ష నివేదిక వస్తే టెన్షన్ పడకండి, అభ్యంతరాలు లేకుండా వచ్చేది అరుదు. ఆరు నెలల్లో జవాబు, అడిగితే ఇంకో మూడు నెలలు.

వైద్య పరికరాల వాళ్లకి ఒక్క మాట. పేటెంట్ అమ్ముకోవడానికి అనుమతి కాదు. 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులున్నాయి. ఎ, బి తయారీ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, సి, డి కేంద్రం. తెలిసిన డాక్టరుగారు ఉన్నారు కదా అని ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా వార్డులో పేషెంటు మీద పెట్టి చూడొద్దు. పరీక్షలకి మనకి దగ్గరది విశాఖ మెడ్‌టెక్ జోన్, రాయగడ నుంచైనా బరంపురం నుంచైనా నేరుగా రైలుంది.

పేటెంట్ వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి మూడో ఏడాదితో మొదలుపెట్టి లెక్కవేసి ఏటా ఫీజు కట్టాలి. రాయితీలో ఆరో ఏడాది దాకా 800, పదో ఏడాది దాకా 2400, పదిహేను దాకా 4800, ఆ పైన 8000. మూడేళ్లకోసారి ఫారం 27లో దాన్ని వాడుతున్నారో లేదో చెప్పాలి. కొనేవాళ్లు ఎవరూ కనిపించకపోతే 1953 నుంచి ల్యాబ్ ఆవిష్కరణలని పరిశ్రమలకి లైసెన్సు ఇప్పిస్తున్న జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థకి రాయండి. ఒకేసారి ఇచ్చే డబ్బు తక్కువైనా అమ్మిన ప్రతి వస్తువు మీద రాయల్టీ రాయించుకోండి. ఒక్కరికే హక్కు ఇస్తే, ఇన్నేళ్లలో తయారీ మొదలుపెట్టకపోతే హక్కు తిరిగి వస్తుందన్న వాక్యం ఒప్పందంలో తప్పకుండా ఉండాలి.

దరఖాస్తులో ఏ ఈమెయిల్ ఇస్తున్నారో చూసుకోండి. మా ఇంకో దరఖాస్తులో ఫైనలియర్ అబ్బాయి మెయిల్ ఇచ్చాం. వాడు పాసై బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. నివేదిక దానికే వెళ్లింది. ఆరు నెలలూ, ఆ పై మూడు నెలలూ గడిచాక ఇన్‌పాస్‌లో చూస్తే దరఖాస్తు వదిలేసినట్టు రాసుంది. ఫీజు కట్టక పోయిన పేటెంటుకైతే 18 నెలల అవకాశం ఉంది, జవాబివ్వక పోయిన దరఖాస్తుకి అంత వెసులుబాటు లేదు. అప్పటి నుంచి డిపార్ట్‌మెంట్ పేరు మీద ఒక మెయిల్ పెట్టి, పాస్‌వర్డు బీరువాలో ఉన్న నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, నెలకోసారి నేనే నంబరు కొట్టి చూసుకుంటున్నాను.